ఇంకొక్క బస్సు

పొద్దున్నే బస్టాండు గేటు దాటగానే ముందు వినపడేది మైకమ్మ గొంతే. ఇంజన్ల రొద, కండక్టర్ల కేకలు అన్నీ తర్వాతే. "ప్రయాణికులకు మనవి. కొండదారి బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది" అని ఒకసారి చెప్పి, చిన్న గుక్క తిప్పుకుని, అదే మాట మళ్లీ చెప్పేది. ఏదైనా రెండుసార్లే. ఒకసారి చెబితే జనానికి ఎక్కదు, మూడుసార్లు చెబితే ఒళ్లు మండుతుంది, అదీ ఆవిడ లెక్క. ఇంట్లోనూ ఇదే అలవాటు. "ఉప్పు అందుకోండి, ఉప్పు అందుకోండి" అంటే, "ఏ ప్లాట్‌ఫారం మీదున్నా అందుకుంటాలేవే" అని మొగుడు నవ్వేవాడు.

నెలలు నిండుతున్నా ఆవిడ సెలవు పెట్టలేదు. ముందే వాడేసుకుంటే పుట్టిన తర్వాత బిడ్డ దగ్గర ఉండటానికి మిగలదు కదా మరి. అద్దాల గదిలో కూర్చుని, రెండు ప్రకటనల మధ్య మైకు ఆపేసి, కడుపు మీద చెయ్యి వేసుకుని ఏదో మాట్లాడుకునేది. బయటివాళ్లకి పెదాలు కదలడమే తప్ప మాట వినపడేది కాదు. ఎవరూ అడగలేదు కూడా. కడుపుతో ఉన్న మనిషి తనలో తను మాట్లాడుకుంటే అడిగేదేముంది?

ఒకరోజు మధ్యాహ్నం "ఓడరేవుకి వెళ్లే బస్సు ఐదో నంబరు..." అంటూ ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా సామాన్లక్క ఆవిడ రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది. సామాన్లక్క అంటే బస్టాండులో జనం మర్చిపోయిన సంచులు, గొడుగులు, కళ్లజోళ్లు దాచే గదికి పెత్తందారు. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. సరే, మైకు గది ఖాళీ అయింది. కుర్చీ ఇంకా తిరుగుతూనే ఉంది. అప్పుడు లౌడ్‌స్పీకర్లలోంచి "...ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది" అని మైకమ్మ గొంతు మిగతా సగం పూర్తి చేసింది. గుక్క తిప్పుకుని రెండోసారి కూడా చెప్పింది.

ఎవరూ తలెత్తి చూడలేదు. ఎక్కాల్సినవాళ్లు ఐదో నంబరుకి పరిగెత్తారు. "పని సగంలో వదిలేసి పోవడం ఆ గొంతుకి చేతకాదులే" అన్నాడు టీ కొట్టతను గ్లాసులు కడుక్కుంటూ. ఇదివరకు ఒక ముసలి డ్రైవరు రిటైరైపోయినా ఆయన దగ్గు మాత్రం గ్యారేజీలోనే చాన్నాళ్లు ఉండిపోయింది. పొద్దున్నే ఖళ్లు ఖళ్లుమని దగ్గి మెకానిక్కుల్ని నిద్ర లేపేది. బస్టాండన్నాక ఇలాంటివి మామూలే.

అక్కడ ఆసుపత్రిలో నర్సు, "అరవమ్మా, గట్టిగా అరువు, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు" అంటోంది. అరవాలంటే గొంతుండాలి కదా! మైకమ్మ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. "ఈవిడ గొంతేమైంది?" అంది నర్సు. "డ్యూటీలో ఉంది" అంది సామాన్లక్క. నర్సు తల ఊపి తన పని తను చూసుకుంది. ఆడపిల్ల పుట్టింది.

అలా ఆ ఆరు నెలల సెలవూ మైకమ్మ గుసగుసలతోనే గడిపింది. మొదట్లో ఆవిడకి పెద్ద బెంగ లేదు. మనసులో ఒక లెక్క ఉంది. మనిషి ఇక్కడున్నా గొంతు అక్కడ పని చేస్తోంది. అది ఉన్నంతకాలం ఆ కుర్చీలోకి ఇంకొకళ్లు రారు. ఏడాది మొదట్లో అందరికీ జీతాలు పెంచేటప్పుడు తననీ మర్చిపోరు. మంచి లెక్కే, మనుషులు సవ్యంగా ఉండే చోట.

ఆ పెంపు కోసం ఆవిడ కళ్లలో వత్తులు వేసుకుని చూడటానికి కారణముంది. ఆవిడ మొగుడు లారీ నడుపుతాడు. దూరాభారపు సరుకు, వారాల తరబడి రోడ్డు మీదే బతుకు. ఇంటికొస్తే రెండు పూటలు నిద్రపోయి మళ్లీ తాళాలు పుచ్చుకోవడమే. ఇంటికి దగ్గర్లోనే ఒక పాల వ్యాను పని ఉంది గానీ దాని జీతం అద్దెకి, పాలడబ్బాకి చాలదు. "నీకు పెరగనీ, ఆ మర్నాడే ఈ లారీ తాళాలు ఓనరు మొహాన కొట్టి వచ్చేస్తా" అని వెళ్లేముందు మాటిచ్చాడు. పాప మొహం చూసుకుంటూ ఇచ్చిన మాట అది. కాబట్టి పెంపు అంటే ఆవిడకి డబ్బు కాదు, గుమ్మంలో ఒక మనిషి చెప్పుల జత.

ఫోను చేసేవాడు, చెయ్యలేదని అనకూడదు. చేస్తే మాత్రం చెవి నిండా ఇంజను మోతే. "హలో, ఏంటి? వినపడట్లేదే. కాస్త గట్టిగా మాట్లాడు." ఈవిడ ఇక్కడ గొంతు నరాలు ఉబ్బేలా గుసగుసలాడేది. "ఆ గొంతు ఇంకా బస్టాండులోనేనా? సర్లే, బాగున్నారు కదా ఇద్దరూ? బండి ఆపితే టైముకి చేరదు, ఉంటా మరి." ఫోను పెట్టేసిన తర్వాత ఆ గది ఇంకా చిన్నదైపోయేది. మూడో అంతస్తులో ఒక్కటే గది, ఒక్కటే కిటికీ, ఎదురుగా ఇంకో మేడ వెనక గోడ. మాట్లాడటానికి మనిషి లేకపోవడం ఒక బాధ. మాట్లాడదామంటే మాటే లేకపోవడం ఇంకో బాధ. ఆవిడకి రెండూ కూడబలుక్కుని ఒకేసారి వచ్చిపడ్డాయి. ఒక్కోరోజు పాపని ఒళ్లో పెట్టుకుని ఊరికే ఏడ్చేది. ఆ ఏడుపూ వినపడేది కాదు.

అన్నిటికంటే ఆవిడని కోసేసిన సంగతి ఇంకొకటుంది. పాప కూడా గుసగుసగానే ఊ కొట్టేది. ఆకలైతే గుక్కపట్టి ఏడుస్తుంది, దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ కబుర్లు చెప్పే వయసు వచ్చిన తర్వాత కబుర్లన్నీ గాలిలాగే, పెదాల మీదే. వింటే కదా పిల్లకి మాట వచ్చేది!

సెలవు అయిపోగానే పాపని వీధి చివర ఆయా దగ్గర వదిలి మైకమ్మ పనిలోకి వచ్చింది. గేటు దాటగానే తన గొంతు తనకే ఎదురొచ్చింది. అద్దాల గదిలో కూర్చుని మైకు దగ్గరికి లాక్కుంది. నోరు తెరిచేలోపే పైన స్పీకర్లలో ప్రకటన అయిపోయింది. రా అని పిలుద్దామన్నా దేంతో పిలుస్తుంది? ఇంక చేసేదేముంది, గుడ్డ తీసుకుని అద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది.

అందరికీ అప్పటికే జీతాలు పెరిగాయి. ఊడ్చేవాళ్లకి, టికెట్టు కౌంటరు వాళ్లకి, చివరికి నిద్రపోతూ కాపలా కాసే వాచ్‌మన్‌కి కూడా. ఈవిడకి లేదు. వెళ్లి మేనేజరుని అడిగింది. ఆయన తేనె పూసిన కత్తి. కుర్చీ చూపించి, పాప ఎలా ఉందని అడిగి, అప్పుడు కోశాడు.

"పెంపు ఎక్కడికి పోతుందమ్మా? కానీ ఆ ఆరు నెలలూ నువ్వు లేవాయె. ఏం చేశావని పెంచమంటావు, నువ్వే చెప్పు."

"నా గొంతు ఇక్కడే చేసింది కదా సార్" అని గుసగుసగా అంది.

"గొంతు చేసింది. నువ్వు చెయ్యలేదుగా?"

"పోనీ దానికే పెంచండి."

"దానికి హాజరు పట్టీలో పేరు లేదమ్మా! అయినా జీతాలు పెంచిన రోజు అందర్నీ కూర్చోబెట్టి ఎవరికైనా అభ్యంతరమా అని అడిగాం. నువ్వేం మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా. సరే, వచ్చే నెల చూద్దాంలే."

సెలవులో ఉన్న మనిషితో అనే మాటా ఇది, చూశారా తెలివి! వచ్చే నెల వచ్చింది. "వచ్చే నెల" అన్నాడు. ఆ నెలా వచ్చింది. రేపు అన్నదానికి రూపు లేదని ఊరికే అన్నారా? అక్కడ లారీలో ఆయన ప్రతి ఫోనులోనూ "పెంచారా?" అని అడిగేవాడు. "లేదు" అన్న ఒక్క మాట కూడా ఇంజను మోత దాటి వెళ్లేది కాదు. కొన్నాళ్లకి అడగడం మానేశాడు. పాల వ్యాను సంగతీ ఎత్తడం మానేశాడు. ఆవిడకి భయం వేసింది. మనిషికి రోడ్డు అలవాటైపోతే ఇల్లు మర్చిపోవడం ఎంతసేపు?

ఒకరోజు భోజనాల వేళ సామాన్లక్క డబ్బా మూత తీస్తూ అడిగింది. "ఒసే పిచ్చిమొహమా, మీ పాపకి ఏడాది ఎప్పుడు నిండుతుంది?"

"వచ్చే వారం" అని గుసగుసలాడింది మైకమ్మ.

"అదే మరి! ఆ మేనేజరు నెలలు ఎందుకు నెడుతున్నాడనుకున్నావ్? నా గది మీద బోర్డు ఎప్పుడైనా చదివావా? 'మరచిపోయిన వస్తువును ఏడాదిలోగా గుర్తులు చెప్పి తీసుకెళ్లనిచో అది బస్టాండునకు చెందును.' నువ్వు గొంతు వదిలేసి వెళ్లిన రోజే కదే నీ కూతురు పుట్టింది? వచ్చే వారంతో అది వాళ్ల సొత్తయిపోతుంది. ఆ తర్వాత పెంపూ ఉండదు, నువ్వూ ఉండవు. జీతం అడగని గొంతు ఊరికే దొరికితే ఎవడు వదులుకుంటాడు?"

మైకమ్మ డబ్బా అలాగే మూసేసి మేనేజరు గదికి నడిచింది. సామాన్లక్క చెయ్యి కడుక్కోకుండానే వెనకాల వచ్చింది.

"తప్పకుండా తీసుకోవచ్చమ్మా. గుర్తులు చెప్పు మరి" అన్నాడు మేనేజరు నవ్వుతూ.

"మాట మాటకీ మధ్య చిన్న గుక్క తిప్పుకుంటుంది" అని గుసగుసలాడింది. "జలుబు చేస్తే కాస్త ముక్కుతో వస్తుంది. పిల్లలు తప్పిపోయినప్పుడు ప్రకటన చెబితే చివర్లో వణుకుతుంది."

"ఇవన్నీ ఈ బస్టాండులో కుక్కలకి కూడా తెలుసు కదమ్మా! రోజూ వింటున్నదే. ఎవరికీ తెలియనిది చెప్పాలి."

నిజమే మరి. ఊరంతా వినే గొంతుకి దాచుకున్న గుర్తు ఏముంటుంది? మైకమ్మ సిగ్గుపడుతూనే చెప్పింది.

"కడుపుతో ఉన్నప్పుడు, మైకు ఆపేసి, లోపల పాపతో మాట్లాడేదాన్ని. ఆకలేస్తోందా తల్లీ, ఇంకొక్క బస్సు, ఒకే ఒక్క బస్సు, అది వెళ్లిపోతే ఇంక నువ్వూ నేనే, అని."

మేనేజరు నవ్వు కాస్త తగ్గింది. మళ్లీ తేరుకున్నాడు. "మైకు ఆపేసి అన్నావా? మరి విన్నదెవరు? సాక్షి ఉండాలి కదమ్మా!"

ఆ వారమంతా ఆవిడ రోజూ సాయంత్రం ఇంటికి వెళ్లి కిటికీ ఎదురుగా కూర్చుని ఆ వెనక గోడనే చూసింది. ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఫోనులో ఇంజను. గోడకి చెప్పుకుంటే అది మాత్రం వింటుందా! అయినా చెప్పుకుంది.

చివరి రోజు రానే వచ్చింది. ఆ పొద్దున్నే ఆయాకి జ్వరం. ఏం చేస్తుంది, పాపని తువ్వాల్లో చుట్టుకుని భుజాన వేసుకుని బస్టాండుకి వచ్చింది. ఇంకొక్కసారి బతిమాలి చూద్దామని తిన్నగా మేనేజరు గదికే వెళ్లింది. సామాన్లక్క అప్పటికే అక్కడ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"సాయంత్రం వరకూ టైముందిగా, సాక్షిని తెచ్చుకో" అన్నాడు మేనేజరు. అంతలో పాప ఏడుపందుకుంది. బస్సు కుదుపులు, దుమ్ము, ఆకలి, కొత్త మొహం, అన్నీ కలిసి గుక్కపట్టి ఏడ్చింది. మేనేజరు చెవులు మూసుకున్నాడు. "అబ్బా, ముందు ఆ పిల్లని ఊరుకోబెట్టమ్మా!"

గది మూలన గోడకున్న స్పీకరులో గొంతు తన పని తను చేసుకుపోతోంది. "ప్రయాణికులకు మనవి. గనులకి వెళ్లే బస్సు రెండో నంబరు..."

అక్కడే ఆగిపోయింది.

ఏడాదిలో ఎన్నడూ ఆగని గొంతు. బయట రెండో నంబరు దగ్గర డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టి ఎదురు చూశాడు. టీ కొట్టతను గ్లాసు వంచి అలాగే ఉండిపోయాడు. జనం మొదటిసారి తలలెత్తి స్పీకర్లకేసి చూశారు. పాప ఏడుపు తప్ప ఎక్కడా చప్పుడు లేదు.

అప్పుడు గొంతు మళ్లీ వచ్చింది. ప్రకటన గొంతు కాదు, చాలా చిన్నగా, దగ్గరగా. "ఆకలేస్తోందా తల్లీ? ఇంకొక్క బస్సు. ఒకే ఒక్క బస్సు. అది వెళ్లిపోతే ఇంక నువ్వూ నేనే."

ఒక్కసారే చెప్పింది. అది ప్రకటన కాదు కదా, రెండోసారి చెప్పడానికి.

పాప ఠక్కున ఊరుకుంది. కన్నీళ్లతోనే తల తిప్పి స్పీకరు కేసి చూసింది. పుట్టక ముందు రోజూ ఆ గొంతులో విన్న మాటలు, పుట్టిన తర్వాత అలా వినడం ఇదే మొదటిసారి. రెండు చేతులూ అటు చాపింది. తర్వాత, ఎవరు చెప్పారో ఏమో, వెనక్కి తిరిగి అమ్మ నోటి మీద చెయ్యి పెట్టింది. ఆ నోరు అప్పటికింకా అవే మాటలు చప్పుడు లేకుండా అంటూనే ఉంది.

సామాన్లక్క ముక్కు ఎగబీల్చి, "సాక్షి వచ్చింది సార్. సంతకం రాదు గానీ, కావాలంటే వేలిముద్ర వేయిస్తా" అంది.

మేనేజరు ఇంకేం అడ్డం పెడతాడు? తను అడిగిన గుర్తే, తను అడిగిన సాక్షే. బోర్డు మీద రాసింది ఆయనకీ చట్టమే. "తీసుకోండి" అన్నాడు ఎటో చూస్తూ.

మైకమ్మ నోరు తెరిచింది. ముందు డీజిలు వాసనతో ఒక దగ్గు వచ్చింది. తర్వాత గొంతు వచ్చింది, దుమ్ము పట్టి, కాస్త బొంగురుపోయి, కానీ తనదే. అదే క్షణంలో బస్టాండులో స్పీకర్లన్నీ గుయ్‌మని మూగబోయాయి. బయట హారన్లు మొదలయ్యాయి. "ఏ నంబరు? ఏ బస్సు?" అని జనం గోల. మేనేజరు కిటికీలోంచి తొంగిచూసి కంగారు పడిపోయాడు. "అమ్మా, నీకు పుణ్యముంటుంది, ముందు ఆ రెండో నంబరు బస్సు సంగతి చెప్పు!"

"ముందు నా జీతం సంగతి చెప్పండి సార్" అంది మైకమ్మ. చిన్న గుక్క తిప్పుకుంది. "ముందు నా జీతం సంగతి చెప్పండి. ఏడాదంతా పని చేసింది నా గొంతేనని ఇప్పుడే ఒప్పుకున్నారు. గొంతు నాదైతే ఆ పనీ నాదే. అందరికీ పెంచిన రోజు నుంచే నాకూ పెంచాలి."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ రోజు అడిగింది అమ్మే. హారన్ల మోతలోనే మేనేజరు గుమాస్తాని పిలిచి, పెంపు, బకాయిలు అన్నీ అక్కడికక్కడే రాయించి, తన చేత్తో సంతకం పెట్టాడు. అది చూసిన తర్వాతే మైకమ్మ పాపని చంకన వేసుకుని అద్దాల గదిలోకి వెళ్లింది. గనుల బస్సు ఆ రోజు ఆలస్యంగా బయల్దేరింది. ఎక్కినవాళ్లు ఒక్కరూ విసుక్కోలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లే సరికి గది అలాగే ఉంది. అదే కిటికీ, అదే గోడ. దీపం వేసి, "పాలు తాగుదామా తల్లీ? పాలు తాగుదామా?" అంది. పాప కళ్లింత చేసుకుని అమ్మ నోటి కేసి చూసింది. తర్వాత "ఊ" అంది, గట్టిగా. తన చప్పుడుకి తనే ఉలిక్కిపడి, మళ్లీ "ఊ" అంది. అమ్మ కూతురే, రెండుసార్లు.

అప్పుడు ఫోను మోగింది. చెవి నిండా ఇంజను మోత. "హలో, వినపడట్లేదు, ఎలా ఉన్నారు? రేపు పాప పుట్టినరోజు కదా, నేను మాత్రం ఇక్కడే ఇరుక్కుపోయాను. సరే, ఉంటా మరి."

"ఏమండీ" అంది మైకమ్మ. "జీతం పెంచారు. ఇంటికి వచ్చెయ్యండి. జీతం పెంచారు. ఇంటికి వచ్చెయ్యండి."

ఇంజను మోత ఒక్కటే కాసేపు వినపడింది. తర్వాత అది తగ్గింది, తగ్గి పూర్తిగా ఆగిపోయింది. పక్కనుంచి ఏదో బండి దూసుకుపోయిన చప్పుడు. దాని తర్వాత ఆయన ఊపిరి, ఏడాదిలో ఫోనులో మొదటిసారి, పక్కనే కూర్చున్నంత దగ్గరగా.

"వినపడిందే" అన్నాడు. "వినపడింది గానీ, ఇంకోసారి చెప్పవూ?"

మైకమ్మ ఏదైనా రెండుసార్లే చెబుతుంది. ఆ సాయంత్రం మూడోసారి కూడా చెప్పింది.